డిస్కు బయటి వరసలో భారతం

డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కూడా చేసిన అమ్మాయి ఏదో ఒక ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఉద్యోగం చేస్తుందని మా నాయన అనుకున్నాడు. నేను వెళ్ళి తిరుపతిలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోలో చేరాను. "పెళ్ళి బొమ్మలు అతికించేదానికా ఇంత సదువు?" అని ఆయన ఒకసారి అడిగినాడు. నేను నవ్వాను. ఆయన మళ్ళీ అడగలేదు.

స్టూడియో బస్టాండు వెనక సందులో, ఒక లాడ్జి మేడ మీద ఉండేది. యజమానిని అందరం "అన్నా" అనేవాళ్ళం. కొండ బొమ్మ గీసిన గుడ్డ ముందు గుండు చేయించుకున్న పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీస్తూ ఆయన ఈ వృత్తిలోకి వచ్చాడు. తర్వాత భుజాన వీడియో కెమెరా ఎక్కింది. రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఎక్కిస్తూ ఎన్నో పెళ్ళిళ్ళకు క్యాసెట్లు ఇచ్చాడు. వీసీఆర్లు మూలపడి అందరూ సీడీలు అడగడం మొదలయ్యాక మద్రాసు వెళ్ళి ఒక కంప్యూటరూ, టేపులోని బొమ్మను కంప్యూటర్‌లోకి పట్టే కార్డూ తెచ్చాడు. ఆ గదికి మాత్రమే ఏసీ పెట్టించాడు. నన్ను పనిలోకి తీసుకున్నది ఆ కంప్యూటర్ కోసమే.

మొదటి కొన్ని పెళ్ళిళ్ళు చక్కగా వచ్చాయి. ఆ తర్వాత తంటా మొదలైంది. సీడీ తీసుకెళ్ళిన తిరుచానూరు వాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి వచ్చారు. పెళ్ళికూతురి మేనమామ కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు:

"తాళి కట్టేకాడ బొమ్మ ఎగురుతా ఉండాదప్పా. పిల్లోడు చెయ్యెత్తినాడు, అంతే, ముడి పడిపోయినాది. మధ్యలో యాడికి పోయినాది?"

వేసి చూశాం. ఆయన చెప్పింది నిజమే. అంతకన్నా ఘోరం, సీడీ చివరికొచ్చేసరికి మాటకూ పెదవికీ పొంతన లేదు. పురోహితుడు నోరు మూసుకున్నాక మంత్రం వినిపిస్తోంది. అన్న కెమెరాని అనుమానించాడు. తర్వాత వైరుని. తర్వాత కరెంటుని అనుమానించి స్టెబిలైజరు కొన్నాడు. మాకు కంప్యూటర్ బిగించిన ఇంజినీరు వచ్చి మెమరీ పెంచి వెళ్ళాడు. ఆయనది తమిళనాడు సరిహద్దు ఊరు. నిదానస్థుడు, మంచివాడు. మెమరీ పెంచినా బొమ్మ ఎగరడం ఆగలేదు. ఎగిరిన చోటల్లా పువ్వులు రాలే డిజైనో, గుండె ఆకారమో అడ్డం పెట్టి కప్పడం నాకు అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. కాణిపాకానికి అవతల ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. నాకన్నా పదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఎండలో మెట్లెక్కి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, చేతిసంచిలోంచి పాత తువ్వాలులో చుట్టిన వీడియో క్యాసెట్టు తీసింది.

"అన్నా, పాత టేపుని సీడీగా సేస్తారంట కదా."

"చేస్తామమ్మా. ఎవురి పెండ్లి?" అన్నాడు అన్న.

"పెండ్లి కాదన్నా. మా ఊరి భారతం."

ఆ మాట వినగానే నేను పని ఆపేశాను. మా చిత్తూరు పక్క పల్లెల్లో ధర్మరాజుల గుడి ఉన్న చోట ఎండాకాలంలో భారతం పెడతారు. పగలు హరికథ, పొద్దుగూకాక వీధినాటకం. అందులో ఒకరోజు అర్జునుడి తపస్సు. పొలంలో పొడుగాటి తాటిమాను పాతి, దానికి మెట్లలాగా చెక్కలు బిగిస్తారు. అర్జునుడి వేషగాడు కిందనుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఒక్కో మెట్టు దగ్గరా ఒక పద్యం పాడుతూ, పైకి చేరి శివుణ్ణి పిలుస్తాడు. చిన్నప్పుడు నేను మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడేదాన్ని.

ఆ టేపులో అర్జునుడు ఆమె నాయనే. చాలా ఏళ్ళు ఆ వేషం ఆయనే కట్టాడట. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఇంకెవరూ మానెక్కలేదు. అర్జునుడు లేని భారతం ఎందుకని పెద్దలు భారతమే ఆపేశారు. ఇన్నాళ్ళకు ఈ ఎండాకాలం మళ్ళీ పెట్టాలని అనుకున్నారు. ఇళ్ళకు గోడలు కట్టే బేల్దారి ఒకతను నేను ఎక్కుతానని ముందుకొచ్చాడు.

"పాటలు ఊళ్ళో ఒకరిద్దరికి గుర్తుండాయి," అందామె. "అది కాదు కావాల్సింది. ఏ మెట్టుకాడ కాలు పెడతాడు, యాడ ఊపిరి తీస్తాడు, యాడ పాట ఎత్తుకుంటాడు, అది కండ్లతో సూడాల. మా నాయన సెప్పలేడు. ఈ టేపులోనే ఉండాది."

అన్న క్యాసెట్టు మూత పైకెత్తి కిటికీ వెలుతురులో చూశాడు. టేపు అంచున తెల్లగా బూజు పట్టి ఉంది.

"వానకి గోడ చెమ్మ పట్టింది, ట్రంకుపెట్టె గోడ పక్కన ఉన్నింది," అందామె, తప్పు తనదే అన్నట్టు.

"ఇది ఒకసారి ఆడితే గొప్పమ్మా. రెండోసారి ఆడతాదని నేను నమ్మను," అన్నాడు అన్న. ఆపైన ఉన్నమాట చెప్పేశాడు. "మా మిషను చూస్తే మధ్య మధ్యలో ఎగరేస్తా ఉండాది. ఆ ఒక్కసారిలో ఎగిరిపోతే నేను నీకేం జవాబు చెప్పేది? ఇంకో తావ అడుగు."

"అడిగినానన్నా. మూత తీసి సూసి అందురూ వద్దన్నారు."

ఆమె క్యాసెట్టుకు మళ్ళీ తువ్వాలు చుట్టబోతుంటే నా నోరు ఊరుకోలేదు. "ఈడ పెట్టి పో అక్కా. మాకు రొంత టైమివ్వు. మిషను సరయినాకే దాన్ని ముట్టుకుంటాం."

ఆమె మెట్లు దిగి వెళ్ళాక అన్న నావైపు తిరిగాడు: "ఇంజినీరే చెయ్యలేనిది నువ్వేం చేస్తావు?"

"తెలీదన్నా. యాడ ఎగురుతాదో చూస్తే ఎందుకెగురుతాదో తెలుస్తాది కదా."

అప్పటిదాకా నేను అలా చూసి ఉండలేదు. మేము వాడే ప్రోగ్రాములో ఒక మూల, పట్టలేక వదిలేసిన బొమ్మల లెక్క కనిపిస్తూ ఉంటుంది. కదిలే బొమ్మంటే అసలు వరసగా వచ్చే బొమ్మలే. టేపు ఎవరి కోసమూ ఆగదు, అవి వస్తూనే ఉంటాయి. వచ్చిన బొమ్మను వచ్చినట్టు హార్డ్ డిస్కు రాసుకోలేకపోతే కార్డు దాన్ని వదిలేసి తర్వాతదాన్ని పట్టుకుంటుంది. బొమ్మలు తగ్గుతాయి, పాట తగ్గదు. అందుకే చివరికొచ్చేసరికి పాట ఒక దారి, పెదవి ఒక దారి. తప్పు కెమెరాదీ కాదు, కరెంటుదీ కాదు. డిస్కు రాసే వేగం ఎక్కడో పడిపోతోంది.

ఎక్కడ? మా దగ్గర ఉన్నది ఒకటే డిస్కు. దాన్ని నాలుగు భాగాలు చేసుకుని, మొదటిదాంట్లో కంప్యూటర్ నడిచే ప్రోగ్రాములు, రెండోదాంట్లో పాటలూ ఫోటోలూ పెట్టి, చివరి రెండింట్లో పెళ్ళిళ్ళు పట్టేవాళ్ళం. పాడైపోయినా పరవాలేదన్న ఒక పాత పెళ్ళి టేపు తీసి, అందులో తలంబ్రాల పాటను ఒక్కో భాగంలోకీ పట్టి చూశాను. మొదటి భాగంలో ఖాళీ ఉన్న కొంచెం చోట్లో లెక్క దాదాపు కదలలేదు. చివరి భాగంలో అదే పాటకు అంకెలు పరుగులు తీశాయి. ఇంకో సంగతి కూడా కనిపించింది. పాత పెళ్ళిళ్ళు చెరిపేసి ఆ ఖాళీలో కొత్తది పడితే ఏ భాగంలోనైనా ఎగురుతోంది.

ఇంజినీరుకు ఫోన్ చేశాను. ఆయన సాయంత్రం వస్తూ పనికిరాని డిస్కు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి రేకులు. వాటి మీదికి చాచిన సన్నటి చెయ్యి. అంతవరకూ నేను వాడినదాన్ని లోపల ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

"సార్, మొదటి భాగం అంటే ఈ రేకులో ఎక్కడ?"

"బయటి అంచులో మేడం. ఆడనుంచి లోపలికి నింపుకుంటా వస్తాది. చివరి భాగం నడుమ దగ్గర."

"రేకు తిరిగే వేగం మారదు కదా?"

"మారదు. అన్ని చోట్లా ఒకటే." అని ఆగి, ఆయన కూడా రేకు వైపు వంగి చూశాడు. "ఆమా, అవును... బయటి చుట్టు పెద్దది. ఒక తిరుగుడుకి చెయ్యి కింద ఎక్కువ పోతాది. లోపల చుట్టు చిన్నది. కంపెనీ కాగితంలో చూసినాను మేడం, బయట వేగం, లోపల తక్కువ అని. లెటర్లూ బిల్లులూ కొట్టుకునే ఆఫీసులకి అది తెలిసే పని లేదు. వీడియోకి తెలుస్తాది!"

ఆయన ముఖంలో సంతోషం చూసి నాకూ ఉత్సాహం వచ్చింది. రెండో సంగతి కూడా ఇద్దరం మాట్లాడుకుంటూ తేల్చాం. చెరిపేసిన పెళ్ళిళ్ళు అక్కడో ఖాళీ, ఇక్కడో ఖాళీ వదిలి వెళ్తాయి. కొత్త పెళ్ళిని డిస్కు ఆ ఖాళీల్లో ముక్కలు ముక్కలుగా సర్దుతుంది. ఒక ముక్క రాసి ఇంకో చోటికి చెయ్యి జరిగేలోపు బొమ్మలు వచ్చేస్తాయి. పైగా అదే డిస్కు మీద కంప్యూటర్ తన ప్రోగ్రాముల కోసం కూడా చేతిని పిలుస్తూ ఉంటుంది. ఉన్న చెయ్యి ఒకటే.

మర్నాడు అన్నకు ఇదంతా చెప్పడం అంత సులువుగా జరగలేదు. లోపలేమిటి, బయటేమిటి, డబ్బా ఒకటే కదా అన్నాడు. ఆయన పీలేరు పక్క రైతుబిడ్డ.

"అన్నా, మీ కళ్ళంలో గుంజకి ఎద్దుల్ని వరసగా బంతి కట్టి వరి తొక్కించేవాళ్ళు కదా?"

"ఆ, తొక్కించినాం. అయితే?"

"గుంజ పక్కనుండే ఎద్దు అడుగులో అడుగేస్తాది. చివర కట్టిన ఎద్దు ఉరకాల. చుట్టు తిరిగేది రెండూ ఒకేసారి. ఎక్కువ వరి తొక్కేది ఏది?"

"చివరెద్దే. అందుకే వయసు ఎద్దును ఆడ కట్టేది." ఆయన చెయ్యి గాల్లో ఒకసారి చుట్టు తిరిగి ఆగింది. "అంటే మనం ఇన్నాళ్ళు పెండ్లిళ్ళని గుంజకాడ తొక్కిస్తా ఉన్నామా?"

"ఆ. అదీ పాత గడ్డి తియ్యకుండా."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇంక నన్ను ఆపడని తెలిసింది.

పని మాత్రం తేలిగ్గా అవలేదు. ఇంకా ఇవ్వాల్సిన పెళ్ళిళ్ళన్నీ సీడీల మీదికి ఎక్కించి డిస్కు ఖాళీ చెయ్యాలి. సీడీ రాసే డ్రైవు వేడెక్కి మొరాయించేది. మధ్యలో కరెంటు పోయేది. ఇంజినీరు తన దగ్గర వాడకుండా పడివున్న చిన్న డిస్కు ఒకటి తెచ్చి బిగించి, ప్రోగ్రాములూ పాటలూ దానిలోకి మార్చాడు. పెద్ద డిస్కును పూర్తిగా తుడిచి రెండు భాగాలే చేశాం. బయటి భాగం టేపులు పట్టడానికి మాత్రమే. పట్టే ముందు ప్రతిసారీ దాన్ని ఖాళీ చెయ్యాలి, అప్పుడే ముక్కలు కాకుండా వరసగా పడుతుంది. లోపలి భాగంలో పని అయిపోయిన పెళ్ళిళ్ళు పెట్టుకోవచ్చు, వాటికి తొందరేమీ ఉండదు. ఈ పద్ధతి కాగితం మీద రాసి గోడకు అంటిస్తే, అన్న దాని పైన పసుపు బొట్టు పెట్టాడు.

పరీక్షకు మా దగ్గరున్న టేపుల్లో పొడుగాటి పెళ్ళిని పెట్టాం. ఎదురుకోళ్ళ నుంచి అప్పగింతల దాకా లెక్క కదలలేదు. అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడుస్తోంది, ఏడుపు సరిగ్గా పెదవి మీదే ఉంది. మేము మాత్రం చప్పట్లు కొట్టాం.

అంగన్‌వాడీ అక్కకు కబురు పెట్టాను. ఆమె నాయనతో సహా వచ్చింది. ఆ రోజు ఆయన్ని పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సి ఉందట. పొడుగాటి మనిషి, ఒక చెయ్యి వేలాడుతోంది. మెట్లెక్కలేక కింద లాడ్జి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను దిగివెళ్ళి నమస్కారం పెడితే ఎడమచెయ్యి ఎత్తి, నా తల మీద పెట్టాడు.

అన్న ముందే క్యాసెట్టు విప్పి, మెత్తటి గుడ్డతో బూజును ఓపిగ్గా తుడిచి, టేపును కొత్త డబ్బాలోకి మార్చాడు. వీసీఆర్ ముందు ఆయన, కంప్యూటర్ ముందు నేను, తలుపు దగ్గర అక్క. ఆమె లోపలికి రమ్మన్నా రాలేదు.

మొదట అంతా చుక్కలే. తర్వాత జనం గోల, తప్పెట మోత. ఎండలో తళుక్కుమని కిరీటం కనిపించింది. మాను మొదట్లో విల్లు పట్టుకుని ఆయన. కింద వరండాలో చూసిన మనిషే, రెండు చేతులూ బాగున్న మనిషి. మానుకు మొక్కి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, గొంతెత్తాడు. ఆ గొంతు వినగానే తలుపు దగ్గరనుంచి చిన్న శబ్దం వచ్చింది. నేను వెనక్కి తిరగలేదు. నా కళ్ళు ఆ మూల అంకె మీదే ఉన్నాయి. అది సున్నా దగ్గరే ఉంది.

సగం మాను ఎక్కాక బొమ్మ అడ్డంగా చిరిగింది. బూజు లోతుగా తిన్న చోటు. గొంతు గరగరమంది. అన్న వీసీఆర్‌లో బొమ్మను కుదిర్చే బొత్తాన్ని వేలికొసతో అంచెలంచెలుగా తిప్పుతూ, "రా సామీ, రా," అని గొణిగాడు. బొమ్మ ఊగింది, మళ్ళీ కుదురుకుంది. ఆ చిరుగు టేపుది. దాన్ని మేమేం చెయ్యలేం. మా వైపునుంచి మాత్రం ఏ బొమ్మా జారిపోలేదు. ఆయన మాను కొసకు చేరి, విల్లు పైకెత్తి శివుణ్ణి పిలిచినప్పుడు పిలుపూ పెదవీ ఒక్కటిగా ఉన్నాయి.

టేపు తీసేసరికి వీసీఆర్ లోపలంతా గోధుమరంగు పొడి. అన్న క్యాసెట్టును తువ్వాలులో చుట్టి ఆమె చేతికిచ్చి, "దీన్నింక ఆడించొద్దమ్మా, దాచిపెట్టుకో," అన్నాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళి, వాళ్ళ నాయన పక్కన కూర్చుని, చెవిలో సంగతి చెప్పింది. కిటికీలోంచి చూశాను. ఆయన ఎడమచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది.

సీడీలు చేసి పంపాం. ఆ తర్వాత సంగతులు అక్క ఫోన్‌లో చెప్పేది. ఊళ్ళో టీకొట్టు పెట్టుకున్న ఒకాయన ఇంట్లో సీడీ ప్లేయరు ఉందట. పని ముగించుకుని, సున్నం చేతులు కడుక్కుని బేల్దారి రోజూ ఆడికి వచ్చేవాడట. ఎత్తులు అతనికి కొత్త కాదు, గొంతూ ఉంది. ఊపిరి మాత్రం చాలేది కాదు. మెట్టెక్కుతూ పాడబోయి మధ్యలో ఆగిపోయేవాడు. ముసలాయన్ని కుర్చీలో తెచ్చి ముందు కూర్చోబెట్టేవాళ్ళు. బేల్దారి తప్పు చేసినప్పుడల్లా ఆయన ఎడమచేత్తో కుర్చీ పట్టెను కొట్టేవాడు. సీడీని వెనక్కి తిప్పి, అదే మెట్టు మళ్ళీ చూసేవాళ్ళు.

"ఇప్పుడు తెలిసినాది పాపా," అందామె ఒకసారి, గొంతులో నవ్వుతో. "మా నాయన కాలు పెట్టినాక ఊపిరి తీస్తాడు. ఊపిరి తీసినాక పాడతాడు. మేమందురం ఇన్నేండ్లు సూసినాం, ఎవురికీ తెలీలా."

వైశాఖంలో భారతానికి రమ్మని కబురొచ్చింది. అన్న కెమెరా తీసుకున్నాడు, నేనూ బయల్దేరాను. చిత్తూరులో బస్సు మారి, కాణిపాకం దాటి, ఆ ఊరి మలుపులో దిగి ఎండలో నడిచాం. పొలం నిండా జనం. కొత్తగా చెక్కిన తాటిమాను, కొసన మామిడాకులు. అక్క మమ్మల్ని చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చి మజ్జిగ చెంబు చేతిలో పెట్టింది. ముసలాయన్ని మానుకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. తెల్లపంచె, నుదుట విభూతి.

బేల్దారి కిరీటం పెట్టుకుని వచ్చాడు. ముందు ముసలాయన కాళ్ళకు మొక్కి, తర్వాత మానుకు మొక్కాడు. మొదటి పద్యానికి గొంతు వణికింది. నాలుగైదు మెట్లు దాటాక నిలకడ వచ్చింది. కాలు, ఊపిరి, పాట. పైకి వెళ్ళేకొద్దీ గొంతు చిన్నదవలేదు, పెద్దదైంది. ముసలాయన నోరు కూడా కదులుతోంది. మాట రాదు. కానీ ప్రతి పద్యానికీ ఆ పెదవులు ముందే సిద్ధంగా ఉన్నాయి. అన్న కెమెరాను కాసేపు మాను మీదనుంచి తిప్పి ఆయన ముఖం మీద నిలిపాడు.

మాను కొసన నిలబడి బేల్దారి జోలెలోంచి నిమ్మకాయలు తీసి జనం మీదికి విసిరాడు. అవి ఒళ్ళో పడితే పిల్లలు పుడతారని కొత్త కోడళ్ళు కొంగులు చాపుకుని నిలబడ్డారు. ఒకటి ఎటునుంచో వచ్చి నా భుజానికి తగిలి, కెమెరా సంచిలో పడింది. చుట్టూ ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

"ఈ పాపకి ఇంకా పెండ్లే కాలేదు కదే," అంది ఒక ముసలామె.

"అయితే ముందు మొగుడొస్తాడులే," అని అక్క నవ్వింది.

నేను కూడా నవ్వుతూ ఆ నిమ్మకాయను నా పక్కనే కొంగు చాపి నిలబడ్డ చిన్న వయసు కోడలి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, గబగబా కొంగున ముడి వేసుకుంది.